మొన విరిగిన చాకు

మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి క్యాంటీన్‌లో మూల బల్ల దగ్గర అయిదారుగురం చేరేవాళ్ళం. టిఫిన్ డబ్బాల మూతలు తీయకముందే ఎవరో ఒకరు "ఇవాళ జేబులో ఏముంది?" అనేవారు. తలా ఒక చెయ్యి జేబులోకి వెళ్ళేది. మడత చాకులు ఒకదాని పక్కన ఒకటి బల్ల మీదకి వచ్చేవి. అది అయ్యాకే తిండి సంగతి.

అది అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం వాయవ్య మూలన ఉన్న వారెన్ అనే చిన్న ఊరు. 2006 నుంచి 2014 దాకా ఎనిమిదేళ్ళు అక్కడ యంత్రాల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో, డిజైన్ విభాగంలో పనిచేశాను. మా బల్ల దగ్గర కూర్చునేవాళ్ళు మాత్రం లేత్ మీదా, మిల్లింగ్ మిషన్ మీదా పాతిక ముప్ఫై ఏళ్ళుగా పనిచేస్తున్నవాళ్ళు. ఆ ఊరికి ఒక పక్క బ్రాడ్‌ఫర్డ్. 1889లో మొదలైన కేస్ చాకుల కంపెనీ 1905 నుంచీ ఆ ఊళ్ళోనే ఉంది. ఇంకో పక్క టైటస్‌విల్. 1859లో డ్రేక్ అనే ఆయన బోరు వేసి ముడి చమురు తీసిన ఊరు. 2006లో, అంటే నేను వెళ్ళిన ఏడాదే, అక్కడ గ్రేట్ ఈస్టర్న్ అనే ఇంకో చాకుల కంపెనీ పుట్టింది. రెండు ఊళ్ళూ కారులో గంట ప్రయాణం. మా దగ్గర ఆవకాయ గురించి ఎలా మాట్లాడుకుంటారో, అక్కడ చాకుల గురించి అలా మాట్లాడుకునేవారు.

ఒకాయనది కేస్ ట్రాపర్. మడిస్తే నాలుగంగుళాల పైచిలుకు, లోపల రెండు పొడుగాటి బ్లేడ్లు. పిడి ఎముకది. పశువుల కాలి ఎముకని చెక్కి, దాని మీద దుప్పి కొమ్ములా కనబడేలా గాట్లు పెట్టి, రంగు ఎక్కిస్తారు. ఆయన చాకు ఇరవై ఏళ్ళు జేబులో తిరిగి గాట్లన్నీ నున్నబడి, నానబెట్టిన చింతగింజలా ఉండేది. చేతిలోకి తీసుకుంటే వెచ్చగా తగిలేది, ఆయన ఒంటి వేడి ఇంకా దాంట్లోనే ఉన్నట్టు. బ్లేడు మొదట్లో 6254 అని చిన్న అంకెలు. మొదటి 6 అంటే గాట్లు పెట్టిన ఎముక పిడి, తరవాతి 2 అంటే రెండు బ్లేడ్లు, చివరి 54 ఆ నమూనా నంబరు. ఇది తెలిశాక ఏ కేస్ చాకు కనబడినా కళ్ళు ముందు ఆ అంకెల మీదకే పోయేవి.

ఇంకొకాయనది మూడు బ్లేడ్ల స్టాక్‌మన్. ఆయనకి ఇంటి దగ్గర ఆవులుండేవి. మూడిట్లో మొద్దు మొనతో ఒక బ్లేడు ఉంటుంది, స్పే అంటారు. కోడెదూడల విత్తులు తీయడానికి పుట్టిన బ్లేడు అది. పొరపాటున పక్కకి గుచ్చుకోకుండా మొన మొద్దుగా చేశారు. ఆయన దాన్ని నిజంగా ఆ పనికే వాడేవారు కాబట్టి తిండి దగ్గర ఎప్పుడూ తెరిచేవారు కాదు. స్టోర్స్‌లో పనిచేసే ఒకావిడ పసుపు పిడి ఉన్న, పీనట్ అనే రకం చాకు తెచ్చేవారు. మడిస్తే మూడంగుళాలు కూడా ఉండదు. రోజంతా అట్టపెట్టెలు తెరిచేది ఆ చిన్నదానితోనే. అందరిలోకీ పదునైనది ఆవిడదే.

ఇప్పుడు బజారులో జేబు అంచుకి క్లిప్పుతో తగిలించుకునే నల్లటి చాకులు, ఒంటి చేత్తో తెరిచేవి వచ్చాయి. మంచివే. కానీ మా బల్ల మీదకి అవి వచ్చేవి కావు. అక్కడ పాతకాలం చాకులే. వాటిలో తాళం ఉండదు. పిడి వెనక ఉక్కు పట్టీ ఒకటి స్ప్రింగులా బ్లేడు మడమని నొక్కి పట్టుకుంటుంది, అంతే. బ్లేడు మీద గోరు పెట్టడానికి చిన్న గాడి ఉంటుంది. గోరు పెట్టి లాగితే మొదట కాస్త బిగువుగా వచ్చి, సగానికి వచ్చాక దానంతటదే వెళ్ళి టక్కున నిలబడుతుంది. మూసేటప్పుడు ఇంకో రకం చప్పుడు. మంచి చాకు నడుస్తుంది, మాట్లాడుతుంది అనేవారు వాళ్ళు. నిజమే. కొన్నాళ్ళకి తల ఎత్తకుండానే, ఎవరి చాకు తెరుచుకుందో చప్పుడుని బట్టి చెప్పగలిగేవాణ్ణి.

కొత్తలో నా జేబులో ఏమీ ఉండేది కాదు. "నీ దగ్గర చాకు లేదా?" అని అడిగితే "ఇంట్లో ఒకటుంది, మా తాతయ్యది" అన్నాను. "అయితే తీసుకురా" అన్నారు. తీసుకెళ్ళడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది.

మా అమ్మ పుట్టిల్లు తూర్పుగోదావరిలో కడియం దగ్గర బుర్రిలంక. కడియం అనగానే నర్సరీలు గుర్తొస్తాయి కదా. గోదావరి ఒండ్రు మట్టి, పక్కనే కాలవ, ఎటు చూసినా వరసలు వరసలుగా మొక్కలు. మా తాతయ్య ఆ తోటల్లో అంట్లు కట్టేవాడు. సొంత నర్సరీ కాదు. చేతి పనే ఆస్తి. అంటు కట్టడానికి ఎవరు పిలిస్తే వాళ్ళ తోటకి వెళ్ళేవాడు. జేబు బనీను, మోకాళ్ళ దాకా ఎగకట్టిన పంచె, రొండిన దోపుకున్న చాకు. మిగిలినవన్నీ తోటవాళ్ళే ఇవ్వాలి, చాకు మాత్రం ఆయనది.

అది మడత చాకే గానీ మామూలు చాకు కాదు. అంటు కత్తి. ఒకటే బ్లేడు, తిన్నటి అంచు. పిడి ఎముకది, తెల్లగా ఉండేదట ఒకప్పుడు, నాకు తెలిసేనాటికి ముదురు నెయ్యి రంగుకి తిరిగింది. ఆ పిడి చివర సన్నగా, చదునుగా, నాలుకలా ఉండేది. గులాబీకి కన్ను అంటు కట్టేటప్పుడు బెరడుని కత్తితో గీసి, ఆ నాలుకతో మెల్లగా పైకి లేపాలి. ఇనుముతో లేపితే లోపలి పొర నలుగుతుంది, ఎముక అయితే నలగదు. బ్లేడు మొదట్లో ఇంగ్లీషులో షెఫీల్డ్ అన్న పేరు, అందులోనూ చివరి నాలుగైదు అక్షరాలే మిగిలాయి. రాజమండ్రిలో ఒక బంగళా తోటలో మాలీగా ఉన్నప్పుడు, ఇల్లు ఖాళీ చేసి పోతూ ఆ ఇంటివాళ్ళు ఇచ్చారట. స్వాతంత్ర్యం రాకముందు సంగతి.

ఆ చాకుతో తాతయ్య తాడు కోసేవాడు కాదు. చుట్ట కొస కోసేవాడు కాదు. మేము పెన్సిలు చెక్కమని బతిమాలినా వంటింట్లోంచి కత్తిపీట తెచ్చుకోమనేవాడు. ఒక్క మినహాయింపు ఉండేది. ఏప్రిల్ చివర్లోనో మే మొదట్లోనో కొత్తపల్లి కొబ్బరి రకం మామిడిచెట్టు మొదటి పండు దిగితే, దాన్ని ఆ చాకుతోనే కోసి, ఒక చెక్క నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని తినేవాడు. అది పండు మీద ఆశ కాదు. ఆ ఏడు ఏ చెట్టు పుల్ల తీసి కట్టాలో తేల్చుకునేది అప్పుడే. మిగిలిన పండు మాకు. ఆ తరవాత చాకుని నీళ్ళతో కడిగి, తువ్వాలు కొసతో తుడిచి, కొబ్బరినూనె చుక్క రాసి మడిచేవాడు.

నా చిన్నప్పుడు మామిడికి ఎక్కువగా పాతపద్ధతే. టెంక నుంచి మొలిచిన మొక్కని కుండీతో సహా తల్లిచెట్టు దగ్గరికి తెచ్చి, కొమ్మకి అందేంత ఎత్తున కర్రలతో మంచె కట్టి దాని మీద పెట్టేవారు. తరవాత పని అంతా చాకుదే. టెంకమొక్క కాండం మీద రెండంగుళాల పొడవున, బెరడుతో పాటు కాస్త చెక్క కూడా వచ్చేలా ఒక చెక్కు. తల్లిచెట్టు పుల్ల మీద సరిగ్గా అంతే పొడవున ఇంకో చెక్కు. రెండు గాయాల్నీ ఎదురెదురుగా పెట్టి బిగించి కట్టేయడమే. రెండు మూడు నెలలకి రెండూ ఒకటవుతాయి. అప్పుడు కింద పుల్లని తల్లి నుంచి వేరు చేసి, పైన టెంకమొక్క తల కోసేస్తారు. వేరు ఒకరిది, కాయ ఒకరిది.

చెప్పడానికి ఇంతే. కష్టమంతా ఆ చెక్కులో ఉంది. ఒకే ఒక లాగు. చెయ్యి ఆగితే గీత పడుతుంది, గీత పడితే ఆ సందులోకి గాలి, నీరు, దాని వెంట కుళ్ళు. తాతయ్య మొక్కని ఎడమచేతి వేళ్ళ మధ్య పట్టుకుని, మోచెయ్యి డొక్కకి ఆనించి, ఊపిరి బిగబట్టేవాడు. మణికట్టు కదిలేది కాదు, చెయ్యి మొత్తం వెనక్కి వచ్చేది. పలచటి చెక్కు రింగులా చుట్టుకుని కింద పడేది. కోసిన చోట తడి తడిగా అద్దంలా మెరిసేది. ఆ మెరుపు కనబడితే "అతికినట్టే" అనేవాడు. కనబడకపోతే మాట్లాడకుండా ఆ మొక్క పక్కన పెట్టేసేవాడు. కోసిన చోట వేలు పెట్టనిచ్చేవాడు కాదు, చెమట తగులుతుందని.

రోజూ సాయంత్రం సానరాయి మీద నూరేవాడు, ఒకే పక్క. రెండో పక్క చదునుగానే ఉంచేవాడు. చదునైన పక్క చెట్టుకి ఆనించి కోస్తే కోత వంకర పోదు. చివర్న తోలు చెప్పు మడమ మీద నాలుగుసార్లు ఇటూ అటూ రాసి, ముంజేతి మీద వెంట్రుకల మీద ఆడించి చూసేవాడు. ఏళ్ళ తరబడి అలా నూరితే ఏమవుతుంది? బ్లేడు సన్నబడుతూ వచ్చింది. మామిడి సొన పట్టి పట్టి నల్లగా, అక్కడక్కడా నీలంగా అయిపోయింది. అంచు ఒక్కటే తెల్లగా వెండితీగలా ఉండేది. మా అమ్మ పెళ్ళినాటికి వేలంత వెడల్పు ఉండేదట. నేను చూసేనాటికి వేపాకంత.

1983 వేసవి. నాకు పదకొండేళ్ళు. బొంగరం ములుకు వదులై ఊగుతోంది, దాన్ని పీకి కొత్తది కొట్టించాలి. తాతయ్య భోజనం చేసి అరుగు మీద పడుకున్నాడు. తలకింద తువ్వాలు, దాని పక్కన చాకు. తీశాను. మొనని ములుకు పక్కన దూర్చి పైకి ఎత్తాను. చిన్న చప్పుడు, అంతే. పావంగుళం మొన చెక్కలోనే ఉండిపోయింది.

ఆ క్షణం నా ఒళ్ళు చల్లబడిపోవడం ఇప్పటికీ గుర్తుంది. చాకు మడిచి ఉన్నచోటే పెట్టేసి, బొంగరాన్ని గడ్డివాములోకి విసిరేసి, రాత్రి దాకా ఇంటికి రాలేదు.

పొద్దున తాతయ్య చాకు తెరిచి చూసుకున్నాడు. మా నలుగురు పిల్లల వంకా చూశాడు. ఎవరిని అడగాలో తెలిసినట్టుంది, అయినా అడగలేదు. ఆ రోజు పనికి వెళ్ళలేదు. నూతి పళ్ళెం దగ్గర సానరాయి పెట్టుకుని కూర్చున్నాడు. మూడు రోజులు పొద్దునా సాయంత్రం అదే పని. విరిగినచోట అంచువైపు నుంచి అరగదీయలేదు. వీపువైపు నుంచి, కొద్దికొద్దిగా, నీళ్ళు చిలకరిస్తూ, ఉక్కు వేడెక్కకుండా. వీపు దిగి వచ్చి అంచుని కలిసేదాకా. అలా చేస్తే కోసే అంచు ఒక్క వెంట్రుక కూడా పోదని నాకు తరవాత అర్థమైంది. మూడోరోజు సాయంత్రం పిలిచాడు.

"ఇలా రారా."

వెళ్ళాను. ఏడుపు గొంతులో ఉంది. ఒక టెంకమొక్క నా ఎడమచేతిలో పెట్టి, చాకు కుడిచేతిలో పెట్టి, వెనక నుంచి నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకున్నాడు. చుట్ట వాసన, చెమట వాసన, మామిడాకు వాసన. "ఊపిరి పట్టు" అన్నాడు. నా చేత్తో ఒక చెక్కు కోయించాడు. కోసిన చోట మెరిసింది.

"నెప్పి పెట్టి పీకడానికి కాదురా ఇది, కొయ్యడానికి" అన్నాడు. ఆ తరవాత ఆ మాట మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. 1991లో పోయే వరకూ ఎత్తలేదు.

నేను అమెరికా వెళ్ళేటప్పుడు అమ్మ పెద్ద సూట్‌కేసులో ఆవకాయ సీసా చుట్టూ పాత తువ్వాలు చుట్టి, ఆ మడతల్లో ఈ చాకు పెట్టింది. నాకు చెప్పలేదు. వారెన్‌లో గది తెరిచి సామాన్లు సర్దుకుంటుంటే చేతికి తగిలింది. ఫోన్ చేస్తే "అక్కడ ఒక్కడివే ఉంటావు కదా, ఉండనీ" అంది. ఎందుకో చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ చాకుని బల్ల మీద పెట్టడానికి నాకు మొహమాటం. వాళ్ళవి ఎంత పాతవైనా నిండుగా, కండపట్టి ఉండేవి. మాది ఎండిన మనిషిలా ఉండేది. ఈలోగా వాళ్ళతో పాటు నేనూ చాకులు కొనడం మొదలెట్టాను. ఫ్రాన్సులోని సవోయ్ ప్రాంతంలో 1890లో మొదలైన ఒపినెల్, ఎనిమిదో నంబరు. బీచ్ చెక్క పిడి, పిడి మొదట్లో తిప్పి బిగించే ఉక్కు రింగు. ఆ రింగు 1955లో వచ్చిందట. వానాకాలం చెక్క ఉబ్బి బ్లేడు ఇరుక్కుపోతే పిడి మడమని బల్లకేసి కొట్టాలి, బ్లేడు దానంతటదే బయటికి వస్తుంది. సవోయ్ రైతులు కనిపెట్టిన చిట్కా అది. దాన్ని మూడేళ్ళు వాడాను. ఒకసారి విమానం ఎక్కడానికి వెళ్తూ భుజం సంచిలో మరిచిపోయాను. తనిఖీ దగ్గర తీసి పక్కనున్న డబ్బాలో వేయమన్నారు. వేశాను. వేసేటప్పుడు చేతికి వచ్చిన బాధ చిన్నది కాదు. 2013 మార్చిలో 2.36 అంగుళాల లోపు బ్లేడున్న చిన్న చాకుల్ని విమానంలోకి రానిస్తామని అమెరికాలో ప్రకటిస్తే మా బల్ల దగ్గర పండగే. జూన్‌లో ఆ ప్రకటన వెనక్కి తీసుకున్నారు. ఆ తరవాత ఎయిర్‌పోర్టుకి బయల్దేరేముందు జేబులు తడుముకోవడం నాకు అలవాటైపోయింది.

2010 మార్చిలో ఒకరోజు, బయట ఇంకా మంచు ఉంది, పొద్దున ఏమనిపించిందో గానీ తాతయ్య చాకు జేబులో వేసుకుని వెళ్ళాను. మధ్యాహ్నం అడిగారు. తీసి బల్ల మీద పెట్టాను.

ఎవరూ మాట్లాడలేదు. ట్రాపర్ ఆయన దాన్ని తీసుకుని తిప్పి చూసి పక్కాయనకి ఇచ్చాడు. చేతులు మారుతూ చివరికి మా అందరిలోకీ పెద్దాయన దగ్గరికి వెళ్ళింది. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. రోజూ ఒక నల్ల పిడి చాకు బల్ల మీద పెట్టి, యాపిల్ కోసుకుని తిని వెళ్ళిపోయేవారు. ఆయన చాకు తెరిచి ముందు బ్లేడు చూడలేదు, పిడి తిప్పి ఆ చివర నాలుకని బొటనవేలితో నిమిరారు.

"ఇది అంటు కత్తి" అన్నారు.

నాకు నోట మాట రాలేదు. నాలుగేళ్ళలో ఆ దేశంలో ఎవరూ ఆ మాట అనలేదు. ఆయన నాన్నకి ఈరీ సరస్సు వైపు యాపిల్ తోట ఉండేదట. చిన్నప్పుడు ఆయన పనల్లా నాన్న కోసిన అంట్లకి మైనం రాయడం. బ్లేడు మీద గోరు ఆడించి, ఒక పక్క చదునుగా ఉండటం గమనించి "కుడిచేతివాటం మనిషి" అన్నారు. నలుపు ఏమిటని అడిగారు. మామిడి సొన అని చెప్పాను. అక్కడ కొత్త కార్బన్ ఉక్కు చాకు కొంటే తుప్పు పట్టకుండా ఆ నలుపు కోసం వెనిగర్ పూస్తారు, ఆవపిండి ముద్ద పూస్తారు. ఇది నలభై ఏళ్ళ మామిడి పాలు అనగానే బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా మళ్ళీ ఒకసారి తీసుకుని వాసన చూశారు.

పెద్దాయన ఆఖర్న మొన దగ్గర ఆగారు. వెలుతురుకి ఎత్తి పట్టుకుని, వీపు దిగిన తీరు చూశారు.

"మొన విరిగింది కదూ. బాగుచేసినవాడికి పని తెలుసు" అన్నారు. కాసేపాగి "ఎవరు విరిచారు?" అన్నారు.

"నేనే" అన్నాను.

ఆయన తల ఊపి చాకు మడిచి నా చేతిలో పెట్టారు. ఏప్రిల్‌లో ఒక శనివారం రమ్మన్నారు.

వెళ్ళాను. ఆయన ఇంటి వెనక పది పన్నెండు చెట్లు. నాన్న తోట ఎప్పుడో అమ్మేశారు, కానీ అక్కడున్న నార్తర్న్ స్పై అనే పాత యాపిల్ రకం పుల్లలు చలికాలంలో కోసి, తడి కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టుకున్నారు. మనం మామిడికి చెట్టు మంచి ఊపు మీద ఉన్నప్పుడు, వానల్లో కడతాం. వాళ్ళు యాపిల్‌కి చెట్టు నిద్రలో ఉండగానే, చిగురు పగలకముందే కడతారు. ఇది చెప్తే ఆయన చాలాసేపు ఆలోచించారు. వేరుమొక్కనీ పుల్లనీ ఏటవాలుగా అంగుళంన్నర మేర కోసి, రెండిట్లోనూ చిన్న నాలుక చీల్చి, ఒకదాంట్లో ఒకటి దూర్చడం వాళ్ళ పద్ధతి. రెండు నాలుకలూ ఒకదాన్నొకటి పట్టుకుని, వదిలేసినా ఊడదు. తాతయ్య అది చూసి ఉంటే ఎంత సంతోషించేవాడో.

మొదటిది ఆయన కోశారు. రెండోది నన్ను కోయమన్నారు. చాకు తీశాను. నేను దాంతో మొక్కని తాకి అప్పటికి ఇరవయ్యేళ్ళు దాటింది. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. మోచెయ్యి డొక్కకి ఆనించాను. ఊపిరి పట్టాను. వీపు వెనక చుట్ట వాసన వచ్చిందంటే ఎవరూ నమ్మకపోవచ్చు, నాకు మాత్రం వచ్చింది. ఒక లాగు. కోసిన చోట మెరిసింది.

ఆయన అటు తిరిగి మైనం కరిగించే పనిలో పడ్డారు.

2014లో నేను తిరిగి వచ్చేస్తున్నప్పుడు మా బల్ల వాళ్ళంతా కలిసి ఒక చాకు ఇచ్చారు. కేస్ వాళ్ళు 1970 నుంచి బ్లేడు మీద పేరు కింద చుక్కలు పెట్టేవారు. ఆ ఏడు పది చుక్కలు, తరవాత ఏడాదికి ఒకటి చొప్పున తగ్గించుకుంటూ వచ్చారు. చుక్కలు లెక్కపెడితే చాకు పుట్టిన ఏడు తెలిసిపోతుంది. నాకిచ్చినదాని మీద ఎనిమిది. అంటే 1972. నేను పుట్టిన ఏడు. ఎన్ని పాత దుకాణాలు తిరిగారో వాళ్ళు చెప్పలేదు.

ఇప్పుడు రాజమండ్రిలో ఉంటున్నాను. ఇక్కడ జేబులోంచి చాకు తీస్తే జనం ఉలిక్కిపడతారు. బ్యాంకులో కవరు చించడానికి తీస్తే పక్కనున్నావిడ రెండడుగులు వెనక్కి వేసింది. మన దగ్గర మడత చాకు అనగానే రాంపురి గుర్తొస్తుంది, సినిమాల్లో రౌడీ చేతిలో టక్కుమనేది. వాళ్ళని అనడానికేం లేదు. కానీ మన ఊళ్ళలో తాతల తరంలో ఎంతమంది రొండిన చాకు ఉండేదో, దాంతో ఎవరి పని వాళ్ళు ఎంత మర్యాదగా చేసుకునేవారో చూసినవాణ్ణి కాబట్టి, ఆ భయం చూస్తే నాకు కష్టంగా ఉంటుంది. అందుకే దాచుకోకుండా నలుగురిలోనూ వాడతాను. రోజూ జేబులో ఉండేది ఆ ఎనిమిది చుక్కల కేస్. దాంతో పార్సిళ్ళు, తాళ్ళు, జామకాయలు, మా అమ్మాయి పెన్సిళ్ళు అన్నీ కోస్తాను. దాని గాట్లు కూడా మెల్లగా నున్నబడుతున్నాయి.

తాతయ్యది వానాకాలం మాత్రమే బయటికి వస్తుంది. జులై, ఆగస్టుల్లో ఆదివారాలు బుర్రిలంక వెళ్తాను. మా మావయ్య కొడుకు నర్సరీలో కుర్రాళ్ళు ఇప్పుడు చాలామంది షేవింగ్ బ్లేడుతో కడుతున్నారు. టెంకమొక్క తల కోసి, నడిమికి చీల్చి, పుల్లని రెండు పక్కలా చెక్కి ఆ చీలికలో దింపి పాలిథిన్ పట్టీ చుట్టేస్తారు. మంచె లేదు, మోత లేదు. చాలా వేగం. మొద్దుబారితే బ్లేడు పారేసి కొత్తది తీస్తారు. వాళ్ళ కోతలు బాగుంటాయి, వంక పెట్టడానికి లేదు. నేను ఒక పక్కన కూర్చుని వాళ్ళు వంద కట్టేలోపు పది కడతాను. ఒక కుర్రాడు మాత్రం రోజూ "బాబాయ్, ఒకసారి ఇవ్వండి" అని తీసుకుని, ఒక్క మొక్క దాంతో కట్టి ఇచ్చేస్తాడు. ఇచ్చేముందు తుడుస్తాడు. ఎవరూ చెప్పలేదు వాడికి.

2023 మే నెలలో పెద్దాయన దగ్గరి నుంచి ఫోన్‌కి ఒక ఫొటో వచ్చింది. నార్తర్న్ స్పై కాపుకి రావడానికి చాలా ఆలస్యం చేసే రకం, పదేళ్ళ పైనే పడుతుందని ఆయన ముందే చెప్పారు. నేను కోసిన అంటు పదమూడేళ్ళకి పూసింది. కొమ్మ నిండా తెల్లటి పూలు, అంచుల్లో లేత గులాబీ రంగు. రెండో ఫొటోలో చెట్టు మొదలు. మోకాలి ఎత్తున కాండం చుట్టూ చిన్న ఉబ్బు, అంటు అతికిన చోటు. ఆ ఫొటో పక్కన ఒకటే మాట రాశారు: "పట్టుకుంది."

అమ్మకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని పూలు చూసింది, బాగున్నాయంది. రెండో ఫొటో దగ్గర ఆగింది. వేళ్ళతో పెద్దది చేసి, ఆ ఉబ్బు మీద చాలాసేపు చూసి, "చాకు ఎక్కడుందిరా?" అంది. తెచ్చి ఇచ్చాను. తెరవలేదు. పిడి చివర నాలుకని పైటచెంగుతో తుడిచి, చేతిలో పట్టుకుని అలాగే కూర్చుంది.